పాఠకుల సందేహాలు: చాపర్ ఆంప్లిఫయర్‌కు పీరియాడిక్ నాయిస్ సిమ్యులేషన్

ప్రశ్న: నేను ఒంగోలులో ఎం.టెక్. చదువుతున్నాను. మాది కొండపి దగ్గర పల్లె. మా పొగాకు బ్యారన్‌లో వేడిని కొలిచే థర్మోకపుల్‌కు సరిపోయే చాపర్ ఆంప్లిఫయర్‌ను ప్రాజెక్టుగా ఎంచుకున్నాను. చాపింగ్ క్లాక్ 50 కిలోహెర్ట్జ్. చాపర్ లేనప్పుడు ఆంప్లిఫయర్ వైట్ నాయిస్ రూట్ హెర్ట్జ్‌కు 20 నానోవోల్టులు, ఫ్లికర్ కార్నర్ (తక్కువ ఫ్రీక్వెన్సీల్లో పెరిగే ఫ్లికర్ నాయిస్, అన్ని ఫ్రీక్వెన్సీల్లో ఒకేలా ఉండే వైట్ నాయిస్‌తో సమానమయ్యే చోటు) 10 కిలోహెర్ట్జ్. మామూలు నాయిస్ ఎనాలిసిస్ నడిపితే 1 హెర్ట్జ్ దగ్గర 2 మైక్రోవోల్టులు చూపిస్తోంది. చాపర్ స్విచ్‌లు పెట్టిన తరువాత కూడా అంతే చూపిస్తోంది. సీనియర్ ఒకరు తన మిక్సర్ ప్రాజెక్టులో వాడిన పీఎస్‌ఎస్ (పీరియాడిక్ స్టెడీ స్టేట్), పీనాయిస్ (పీరియాడిక్ నాయిస్) సెట్టింగులు ఇచ్చారు. వాటితో 19.7 నానోవోల్టులు వచ్చింది. అందరూ బాగుందన్నారు గాని, వైట్ నాయిసే 20 ఉన్నప్పుడు మొత్తం అంతకంటే తక్కువ ఎలా వస్తుందన్న అనుమానం నన్ను వదలడం లేదు. — ఒక విద్యార్థిని, కొండపి

జవాబు: మీ అనుమానం సరైనదే, 19.7 తప్పుడు అంకె. అది తప్పని కాగితం మీద నాలుగు వరసల లెక్కతో చూపవచ్చు. ముందుగా 2 మైక్రోవోల్టుల సంగతి చూద్దాం.

సంతలో ఒక పళ్లెం కాస్త బరువుగా ఉన్న తక్కెడ చేతికి వస్తే, తెలిసిన మనిషి సరుకును ఒకసారి ఎడమ పళ్లెంలో, మరొకసారి కుడి పళ్లెంలో వేయించి తూకం చూస్తాడు. సరుకు బరువు రెండుసార్లూ ఒకటే గాని, తక్కెడ దోషం ఒకసారి కలుస్తుంది, రెండవసారి తీసివేతకు వస్తుంది, సగటులో పోతుంది. చాపర్ చేసే పని ఇదే. ఇన్‌పుట్ స్విచ్‌లు సిగ్నల్‌ను సెకనుకు 50 వేల సార్లు అటూ ఇటూ తిప్పి ఆంప్లిఫయర్‌కు ఇస్తాయి, అవుట్‌పుట్ స్విచ్‌లు దానిని తిరిగి సరిచేస్తాయి. రెండుసార్లు తిరిగిన సిగ్నల్ యథాస్థానానికి వస్తుంది. మధ్యలో పుట్టిన ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ లేకున్నా ఆంప్లిఫయర్ కలిపే స్థిర వోల్టేజీ దోషం), ఫ్లికర్ నాయిస్ ఒక్కసారే తిరుగుతాయి కనుక 50, 150, 250 కిలోహెర్ట్జ్ వంటి బేసి హార్మోనిక్‌ల దగ్గరికి వెళ్లిపోతాయి.

మామూలు నాయిస్ ఎనాలిసిస్ ముందుగా డీసీ ఆపరేటింగ్ పాయింట్‌ను కనుక్కొని, క్లాక్ ఆ క్షణంలో ఎక్కడ ఉందో అక్కడే నిలిపివేసి, ఆ స్థితిలో సర్క్యూట్‌ను లీనియర్‌గా మార్చి లెక్క వేస్తుంది. పళ్లెం మార్చకముందే తక్కెడకు ఫోటో తీసినట్టన్నమాట. స్విచ్‌లు సగం మూసి, సగం తెరిచి కదలకుండా ఉన్న సర్క్యూట్‌లో ఏ ఫ్రీక్వెన్సీ నాయిస్ ఆ ఫ్రీక్వెన్సీలోనే ఉంటుంది. అందువల్ల మీరు చాపర్ పెట్టినా తీసినా 2 మైక్రోవోల్టులే కనిపించాయి. ఇది సిమ్యులేటర్ లోపం కాదు, దానిని అడగవలసిన ప్రశ్న అది కాదు.

పీఎస్‌ఎస్ అనేది క్లాక్ నడుస్తుండగా సర్క్యూట్ ఒక పీరియడ్ పాటు పట్టే స్థిరమైన, ఆవృత్తమయ్యే స్థితిని కనుక్కుంటుంది. ఆ పీరియడ్ పొడవునా ప్రతి క్షణంలోనూ సర్క్యూట్‌ను లీనియర్‌గా మార్చుకొని, ఒక ఫ్రీక్వెన్సీలోని నాయిస్ మరొక ఫ్రీక్వెన్సీలోకి ఎంత దిగివస్తుందో లెక్కించేది పీనాయిస్. ఈ రెండింటికీ ఇవ్వవలసిన అంకెలు మీ సర్క్యూట్ నుంచే రావాలి. మిక్సర్ అంకెలు మిక్సర్‌కే పనికివస్తాయి.

ఇక లెక్కకు వద్దాం. సరిసమానంగా అటూ ఇటూ తిరిగే చదరపు తరంగంలో మొదటి హార్మోనిక్ పవర్ వాటా 0.8106. మూడవదానికి అందులో తొమ్మిదవ వంతు, ఐదవదానికి ఇరవై ఐదవ వంతు, ఇలా తగ్గుతూ పోతాయి, సరి హార్మోనిక్‌లకు వాటా లేదు. అన్నీ కలిపితే సరిగ్గా 1. అంటే వైట్ నాయిస్ చాపింగ్ వల్ల పెరగదు, తరగదు, ఒక్కొక్క హార్మోనిక్ దగ్గరి నుంచి ముక్కలుగా దిగివచ్చి అంతే అవుతుంది. ఫ్లికర్ నాయిస్ మాత్రం పై ఫ్రీక్వెన్సీల్లో తానే తగ్గి ఉంటుంది కనుక దాని వాటాలు తొమ్మిదవ వంతుగా కాక ఇరవై ఏడవ వంతుగా, నూట ఇరవై ఐదవ వంతుగా పడిపోతాయి. వాటిని కలిపితే వచ్చేది 0.8525. దానిని కార్నర్ ఫ్రీక్వెన్సీకీ చాపింగ్ ఫ్రీక్వెన్సీకీ ఉన్న నిష్పత్తితో గుణించాలి. మీ విషయంలో ఆ నిష్పత్తి 0.2, గుణిస్తే వచ్చేది 0.17, దానిని వైట్ నాయిస్ వాటా 1కి కలపాలి. కనుక నాయిస్ పవర్ వైట్ నాయిస్ పవర్‌కు 1.17 రెట్లు, అంటే 400 (20 వర్గం) బదులు సుమారు 468. వర్గమూలం తీస్తే రూట్ హెర్ట్జ్‌కు 21.6 నానోవోల్టులు. మీ సిమ్యులేషన్ చేరవలసిన అంకె ఇది. ఆంప్లిఫయర్ బ్యాండ్‌విడ్త్ చాపింగ్ ఫ్రీక్వెన్సీ కంటే చాలా ఎక్కువ అన్న ఊహ మీద వచ్చిన లెక్క కనుక కొద్దిపాటి తేడాను పట్టించుకోనక్కరలేదు.

ఇప్పుడు మొదటి హార్మోనిక్‌ను మాత్రమే లెక్కలోకి తీసుకొని చూడండి. వైట్ నాయిస్ వాటా 0.8106, ఫ్లికర్ వాటా అందులో ఐదవ వంతు 0.162, మొత్తం 0.973. దానిని 400తో గుణిస్తే 389, వర్గమూలం 19.7. మీకు వచ్చిన అంకె అక్షరాలా ఇదే. మీ సీనియర్ సెట్టింగుల్లో, ఎన్నవ హార్మోనిక్ దాకా లెక్కించాలో చెప్పే మాగ్జిమమ్ సైడ్‌బ్యాండ్ అన్న గడిలో 1 గాని 2 గాని ఉండి ఉండాలి, రెండింటికీ ఫలితం ఒకటే, ఎందుకంటే సరి హార్మోనిక్‌లు ఇక్కడ ఖాళీ. పైనుంచి దిగివచ్చే నాయిస్‌లో సుమారు ఆరవ వంతును సిమ్యులేటర్ చూడనే లేదు. మంచి ఫలితంలా కనిపించింది గాని, అది లెక్కలో చేరని నాయిస్. ఆ గడిలో 10 పెడితే 21.3 వస్తుంది, 40 పెడితే 21.5 వస్తుంది.

ఎన్ని పెట్టాలన్నదానికి ఒక ఆధారం ఉంది. అవుట్‌పుట్ చాపర్ కూర్చున్న నోడ్ దగ్గర నాయిస్ ఎంత ఫ్రీక్వెన్సీ దాకా బలంగా ఉందో చూసి, దానిని ఫండమెంటల్‌తో (పీఎస్‌ఎస్‌కు ఇచ్చిన మూల ఫ్రీక్వెన్సీతో) భాగించాలి. అక్కడ బ్యాండ్‌విడ్త్ 2 మెగాహెర్ట్జ్ అయితే 40 కావాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు: మొత్తం ఆంప్లిఫయర్ బ్యాండ్‌విడ్త్ 10 కిలోహెర్ట్జే కదా, సైడ్‌బ్యాండ్‌లు ఎందుకు అని ఊరుకుంటారు. నాయిస్ మడత పడేది చాపర్ దగ్గర, ఫిల్టర్ వచ్చేది ఆ తరువాత. మడత పడి కిందికి దిగిన నాయిస్‌ను వెనుక ఉన్న ఫిల్టర్ ఏమీ చేయలేదు. సైడ్‌బ్యాండ్‌ల సంఖ్యను రెట్టింపు చేసినప్పుడు ఫలితం కదలకుండా ఉంటే అప్పుడు చాలు అనుకోండి. పీఎస్‌ఎస్‌లో షూటింగ్ పద్ధతి (దీని సంగతి తరువాతి జవాబులో ఉంది) వాడుతున్నప్పుడు, అక్కడి మాగ్జిమమ్ ఏసీ ఫ్రీక్వెన్సీని కూడా అదే 2 మెగాహెర్ట్జ్‌కు తగ్గకుండా ఇవ్వాలి. లేకుంటే టైమ్ స్టెప్‌లు పలచబడి, పై సైడ్‌బ్యాండ్‌ల లెక్క నమ్మదగ్గది కాకుండా పోతుంది. చదరపు క్లాక్‌లు ఉన్న సర్క్యూట్‌కు హార్మోనిక్ బ్యాలెన్స్ కంటే షూటింగే నయమని నా అభిప్రాయం.

ఫండమెంటల్ విషయంలో నేను పడ్డ పాట్లు ఒకటి చెబుతాను. ఒకప్పుడు నా సర్క్యూట్‌లోనూ చాపింగ్ 50 కిలోహెర్ట్జే గాని, పక్కన ఒక చిన్న లూప్ అందులో సగం వేగంతో నడిచేది. పీరియడ్ అన్నది అన్ని క్లాక్‌లకూ ఉమ్మడిగా ఉండాలి కనుక ఫండమెంటల్‌ను 25కు దించాను, అది సరైన పనే. సైడ్‌బ్యాండ్‌ల గడిలో మాత్రం పాత 20 అలాగే ఉండిపోయింది. మెట్టు 50 నుంచి 25 కిలోహెర్ట్జ్‌కు తగ్గితే 20 మెట్లు 1 మెగాహెర్ట్జ్ దాకా కాక 500 కిలోహెర్ట్జ్ దాకానే వెళతాయి. నాయిస్ కొద్దిగా తగ్గడం చూసి, నేను ఆ రోజు మార్చిన ఒక ట్రాన్సిస్టర్ సైజు వల్లనే తగ్గిందనుకొని వారం రోజులు దాని వెంట పడ్డాను.

మిగిలిన గడులను త్వరగా చూద్దాం. పీఎస్‌ఎస్ నడిపేటప్పుడు ఇన్‌పుట్ సోర్స్‌ను డీసీగా ఉంచండి. 50 హెర్ట్జ్ సైన్ తరంగం ఇచ్చారంటే ఉమ్మడి పీరియడ్ 20 మిల్లీసెకన్లు అవుతుంది, అంటే వెయ్యి క్లాక్ పీరియడ్‌లు, సాయంత్రానికి కూడా పూర్తి కాదు. క్లాక్ అంచులకు సున్నా కాలం ఇవ్వకుండా ఒకటి రెండు నానోసెకన్లు ఇవ్వండి. నాయిస్ రకం దగ్గర టైమ్ యావరేజ్ ఎంచుకోండి. అవుట్‌పుట్‌ను నేరుగా ఏడీసీ (అనలాగ్‌ను డిజిటల్‌గా మార్చే సర్క్యూట్) శాంపిల్ చేసేటట్లయితే మాత్రం శాంపిల్డ్ రకం కావాలి, శాంపిలింగ్ క్షణం కూడా పీరియడ్‌లో భాగమవుతుంది. ఇన్‌పుట్ రిఫర్డ్ నాయిస్ కోసం రిఫరెన్స్ సైడ్‌బ్యాండ్ 0 ఉండాలి, ఎందుకంటే మీ సిగ్నల్ చాపర్‌లకు బయట పుట్టి బయటే చదవబడుతుంది, దాని ఫ్రీక్వెన్సీ మారదు. మిక్సర్‌లో ఇది 1 గాని మైనస్ 1 గాని ఉంటుంది కనుక సీనియర్ ఇచ్చిన ఫైలులో ఆ గడిని తప్పక చూడండి. అదే పీఎస్‌ఎస్ మీద పీఏసీ (పీరియాడిక్ ఏసీ, గెయిన్‌ను లెక్కించే ఎనాలిసిస్) కూడా నడిపి, గెయిన్ మీరు అనుకున్నంత ఉందో లేదో చూసిన తరువాతనే నాయిస్ అంకెను నమ్మండి.

ప్రాజెక్టు రిపోర్టుకు పనికివచ్చే మాట ఇంకొకటి. మీ థర్మోకపుల్ కె రకం అయితే డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. చాపర్ లేకుండా 0.1 నుంచి 10 హెర్ట్జ్ వరకు నాయిస్‌ను కూడితే 4.3 మైక్రోవోల్టులు, అంటే పదవ వంతు డిగ్రీ. ఆకు పండడం నుంచి ఈనె ఆరేదాకా ముప్పై అయిదు డిగ్రీల దగ్గర మొదలై డెబ్బై దాకా వెళ్లే బ్యారన్‌లో పదవ వంతు డిగ్రీని ఏ రైతూ లెక్కచేయడు. కాని 5 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ ఉంటే అది 120 డిగ్రీల పైచిలుకు తప్పు. మీ బ్యారన్‌కు చాపర్ అవసరమైంది ముఖ్యంగా ఆఫ్‌సెట్ కోసం. ఆ సంగతి రిపోర్టులో ముందే రాస్తే పరీక్షకుడు అడగబోయే ప్రశ్న ఒకటి తగ్గుతుంది.

ప్రశ్న: మా చాపర్ ఆంప్లిఫయర్‌లో రిపుల్ (చాపింగ్ వల్ల అవుట్‌పుట్‌లో వచ్చే చిన్న అల) తగ్గించే లూప్ ఉంది. లూప్ తీసేస్తే పీఎస్‌ఎస్ కుదురుతోంది, పెడితే కన్వర్జ్ కావడం లేదు. స్టెబిలైజేషన్ టైమ్ (పీఎస్‌ఎస్ వెతుకులాటకు ముందు సర్క్యూట్‌ను ఊరికే నడిపే కాలం) ఎంత పెంచినా అంతే. — ఒక డిజైన్ ఇంజనీరు, నెల్లూరు

జవాబు: షూటింగ్ పద్ధతిని సర్క్యూట్లకు అన్వయించి 1972లో థామస్ ఏప్రిల్, టిమొతీ ట్రిక్ అనే ఇద్దరు చూపించారు. సర్క్యూట్‌ను ఒక స్థితిలో మొదలుపెట్టి ఒక పీరియడ్ నడిపి, చివరి స్థితి మొదటి స్థితితో కలిసిందా అని చూడడం, కలవకపోతే ఆ తేడాను బట్టి మొదటి స్థితిని న్యూటన్ పద్ధతిలో సవరించి మళ్లీ నడపడం, ఇంతే దాని కిటుకు. దీనివల్ల ఒక సుఖం ఉంది. లూప్ నెమ్మదిగా ఉన్నంత మాత్రాన అది పూర్తిగా కుదుటపడేదాకా స్టెబిలైజేషన్ టైమ్ ఇవ్వనక్కరలేదు, ఆ నెమ్మదితనాన్ని న్యూటన్ సవరణే దాటిస్తుంది. లూప్‌లోని ఆంప్లిఫయర్ ఏదీ అంచుకు తగిలి సాచురేట్ కాకుండా ఉండే దశ దాకా నడిపితే చాలు. కనుక స్టెబిలైజేషన్ టైమ్ పెంచినా ఫలితం లేదంటే అసలు కారణం వేరొకటి ఉంటుంది.

నేను మొదట అనుమానించేది పీరియడ్‌నే. మీ లూప్‌లో క్లాక్‌ను రెండుతో భాగించే ఫ్లిప్‌ఫ్లాప్ ఎక్కడైనా ఉంటే అది రెండు పీరియడ్‌లకు ఒకసారి గాని మొదటి స్థితికి రాదు, మీరు ఒక్క పీరియడ్ ఇచ్చినంతకాలం మొదలు, చివర ఎన్నటికీ కలవవు. ఒక మామూలు ట్రాన్సియెంట్ నడిపి, వరసగా మూడు నాలుగు పీరియడ్‌ల చివర లూప్ కెపాసిటర్ మీది వోల్టేజీలను పక్కపక్కన రాసుకొని చూడండి. అంకెలు ఒకటి విడిచి ఒకటి కలుస్తుంటే విషయం తేలిపోయినట్టే. అది కాకుంటే వెరిలాగ్-ఏ (సర్క్యూట్ భాగాల ప్రవర్తనను రాసే భాష) మోడళ్లను చూడండి. పాత విలువను ఒక వేరియబుల్‌లో దాచుకొనే మోడల్, సిమ్యులేటర్‌కు కనిపించని స్థితిని మోస్తున్నట్టు లెక్క. షూటింగ్ దానిని సవరించలేదు. ఆ విలువను ఒక కెపాసిటర్ మీద వోల్టేజీగా ఉంచేటట్టు మోడల్‌ను తిరగరాయాలి. ఆదర్శ కంపారేటర్లు ఒక్క దెబ్బన దూకడం కూడా ఇలాంటి బాధే. దూకుడును కొద్దిగా నునుపు చేస్తే చాలాసార్లు పని జరుగుతుంది.

ప్రశ్న: బోర్డు మీద ఆసిలోస్కోప్‌లో 50 కిలోహెర్ట్జ్ రిపుల్ స్పష్టంగా కనిపిస్తోంది. పీనాయిస్ గ్రాఫ్‌లో అక్కడ ఏమీ లేదు. సిమ్యులేషన్ తప్పా? — గూడూరు

జవాబు: తప్పు కాదు. రిపుల్ అనేది నాయిస్ కాదు, ఆఫ్‌సెట్ చాప్ అయి తయారైన నిశ్చితమైన తరంగం, కనుక అది పీఎస్‌ఎస్ వేవ్‌ఫారంలో ఉంటుంది. అక్కడ కూడా మీకు కనిపించకపోతే స్కీమాటిక్‌లో రెండు వైపుల ట్రాన్సిస్టర్లూ అచ్చంగా ఒకే సైజులో ఉండి ఆఫ్‌సెట్ సున్నా అయిందన్నమాట. చాపర్‌ల మధ్యలో, ఒక ఇన్‌పుట్ గేట్‌కు వరసలో 5 మిల్లీవోల్టుల డీసీ సోర్స్ పెట్టి మళ్లీ పీఎస్‌ఎస్ నడపండి. పీనాయిస్‌ను కూడా ఆ ఆఫ్‌సెట్‌తోనే నడపడం మంచిది, ఎందుకంటే రిపుల్ పెద్దదై తరువాతి స్టేజి పక్కకు ఒరిగితే నాయిస్ కూడా మారుతుంది. ఇక 50 కిలోహెర్ట్జ్ చుట్టూ చేరిన ఫ్లికర్ నాయిస్ గుట్ట కనిపించాలంటే లాగ్ స్వీప్ చాలదు. ఫ్రీక్వెన్సీ పది రెట్లయ్యే ప్రతి దూరానికి పది పాయింట్లు ఇస్తే అవి ఆ సన్నని శిఖరానికి అటూ ఇటూ పడి దాటిపోతాయి. మొదటి హార్మోనిక్‌కు సాపేక్షంగా స్వీప్ చేసే ఎంపికను వాడండి.

ప్రశ్న: మా కాలేజీలో పీఎస్‌ఎస్ ఉన్న సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు లేదు. ఉచితంగా దొరికే వాటితో ఈ నాయిస్ చూడవచ్చా? — కావలి

జవాబు: ఎల్‌టీస్పైస్‌లో పీరియాడిక్ నాయిస్ లేదు. అయితే ఎన్‌జీస్పైస్‌లో ట్రాన్సియెంట్ నాయిస్ సోర్స్ ఉంది, దానితో సూత్రాన్ని తృప్తిగా పరీక్షించవచ్చు. పై ఉదాహరణనే తీసుకోండి. ఆ సోర్స్‌కు ఆర్‌ఎంఎస్ విలువ, టైమ్ స్టెప్ ఇవ్వాలి. తక్కువ ఫ్రీక్వెన్సీలో నాయిస్ పవర్ సాంద్రత, ఆర్‌ఎంఎస్ వర్గాన్ని టైమ్ స్టెప్‌తో గుణించి రెట్టింపు చేసినంత. కనుక 20 నానోవోల్టుల వైట్ నాయిస్ కావాలంటే 0.1 మైక్రోసెకన్ స్టెప్‌కు 44.7 మైక్రోవోల్టుల ఆర్‌ఎంఎస్ ఇవ్వాలి. ఫ్లికర్ భాగాన్ని అదే సోర్స్‌లో ఘాతం 1 పెట్టి కలపవచ్చు గాని, దాని పరిమాణాన్ని సూత్రంతో కాక, చాపర్ లేకుండా ఒకసారి నడిపి స్పెక్ట్రమ్ చూసి కార్నర్ 10 కిలోహెర్ట్జ్ దగ్గర పడేటట్టు సరిచేసుకోవడం మేలు. ఆ తరువాత ఆ నాయిస్‌ను ప్లస్ 1, మైనస్ 1 మధ్య మారే చదరపు తరంగంతో గుణించండి.

మొత్తం సమయం 20 మిల్లీసెకన్లు ఇస్తే సరిగ్గా వెయ్యి పీరియడ్‌లు అవుతాయి, స్పెక్ట్రమ్‌లో గీతల మధ్య దూరం 50 హెర్ట్జ్. టైమ్ స్టెప్‌లు అసమానంగా ఉంటాయి కనుక స్పెక్ట్రమ్ తీసేముందు లీనియరైజ్ కమాండ్ మరువకండి. 500 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న తొంభై గీతల పవర్ సగటు తీస్తే ఒక్క నడకలో పది శాతం అటూ ఇటూ ఊగుతుంది. మీరు చూడదలచినదో, 400కూ 468కీ మధ్య ఉన్న పదిహేడు శాతం తేడా. ఒక్క నడక చూసి సూత్రం కుదిరిందనో కుదరలేదనో తేల్చకండి. పది నడకలు, ప్రతిసారీ ర్యాండమ్ సీడ్ మార్చి, సగటు తీస్తే ఊగిసలాట మూడు శాతానికి దిగుతుంది, అప్పుడు 468 కనిపిస్తుంది. 1 హెర్ట్జ్ దాకా వెళ్లి చూడాలనే కోరిక మాత్రం ఈ పద్ధతిలో పెట్టుకోవద్దు. దానికి సెకన్ల కొద్దీ సర్క్యూట్ సమయం కావాలి, ఒక్క సెకనంటేనే 50 వేల పీరియడ్‌లు.